విడిది బరువు

మాఘం వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా హోటళ్లలో గది దొరకడం కష్టం. దొరికినా లాబీలో కూర్చోవడానికి చోటుండదు. సోఫాల మీద పట్టుచీరల అట్టపెట్టెలు, ఓ మూల బంతిపూల గంపలు, లిఫ్టు దగ్గర అరిసెల డబ్బాలు. గోరింటాకు ఆరక వేళ్లు విడదీసి పట్టుకున్న ఆడపిల్లలు, రాత్రి బస్సులో నిద్రలేక తల్లి ఒళ్లో వాలిపోయిన పసివాళ్లు. రిసెప్షన్ పక్కన స్టాండు మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు. హోటల్లో సగం గదులు ఆ రెండు పేర్ల తాలూకు చుట్టాలవే.

మా ప్రాంతపు హోటళ్ల గురించి మాట్లాడేటప్పుడు గది ఎంత ఉంది, ఏసీ పనిచేసిందా, పొద్దున టిఫిన్‌లో ఎన్ని రకాలు పెట్టారు అన్నవి తర్వాతి సంగతులు. ముందు అడగాల్సింది, ఆ గదికి డబ్బు ఎవరు కట్టారని. పడుకున్నవాడు కట్టలేదు. కట్టినవాడు పడుకోలేదు. ఆ రాత్రంతా ఆయన ఫంక్షన్ హాల్లో వంటవాళ్ల దగ్గరికీ మండపం కట్టేవాళ్ల దగ్గరికీ తిరుగుతూనే ఉంటాడు. వీళ్లిద్దరి మధ్య, చొక్కాకు పేరు బ్యాడ్జీ పెట్టుకుని కౌంటర్ వెనక ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. నేను చెప్పదలచుకున్న మాటంతా ఆ కుర్రాడి గురించే.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల మధ్య ఉన్న కొత్తపేటకు బయటివాళ్లు వచ్చి రాత్రి తలదాచుకోవడం ఈనాటిది కాదు. 1980ల్లో పండ్ల మార్కెట్ జాంబాగ్ నుంచి ఇక్కడికి మారాక, బత్తాయి లారీ వెంట నల్లగొండ రైతూ మామిడి లోడు వెంట ఇంకో జిల్లా రైతూ వచ్చి, వేలం అయ్యి అమ్మకం లెక్క రాసిన తక్‌పట్టీ చేతికొచ్చేదాకా ఆగేవాళ్లు. మామిడికాయల సీజన్లో మార్కెట్ చుట్టూ వీధుల్లో పండ్ల వాసన, ఎండుగడ్డి, లారీల హారన్లు తప్ప ఇంకేం ఉండేవి కావు. 2021లో మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఆ జాగాలో టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. మార్కెట్ పోయినా మనుషుల రాక ఆగలేదు. విజయవాడ హైవే నగరంలోకి అడుగుపెట్టే వాకిలి ఇదే. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడవడం మొదలయ్యాక, ఇక్కడ దిగినవాళ్లు ఆటో కోసం వెతుక్కోకుండానే నగరం నడిబొడ్డుకు వెళ్లి వస్తున్నారు. ఆస్పత్రుల్లో ఉన్న రోగుల మనుషులు, కోచింగ్‌లో చేర్చిన పిల్లల్ని చూడవచ్చిన తల్లిదండ్రులు, అమెరికా నుంచి వచ్చి పుట్టింట్లో చోటు చాలక గది తీసుకునే కూతుళ్లు, అందరూ ఈ రోడ్డు మీదే దిగుతారు. కానీ హోటళ్లను నిలబెట్టేది మాత్రం పెళ్లిళ్లే అని నా అభిప్రాయం. ముహూర్తాలు లేని ఆషాఢంలో, మూఢంలో ఆ లాబీల్లోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

మా చిన్నప్పుడు విడిది ఏర్పాటు ఊరందరి పని. మా పెద్దక్క పెళ్లి సూర్యాపేట దగ్గర మా ఊళ్లో, ఎండాకాలం సెలవుల్లో జరిగింది. బడి గదులూ ఎదురింటివాళ్ల వసారానూ మగపెళ్లివారికి విడిదిగా ఇచ్చారు. ఇంటింటికీ తిరిగి మంచాలు తెచ్చాం. ఏ మంచం ఎవరింటికి తిరిగి చేరాలో మర్చిపోకుండా కోళ్ల మీద సుద్దముక్కతో పేర్లు రాశాం. పెరట్లో పొయ్యిలు తవ్వి కాగుల్లో నీళ్లు కాచారు. వేపపుల్లలు, పళ్లపొడి, కొబ్బరినూనె సీసా, దువ్వెన, చేతి అద్దం, కొత్త సబ్బు ఒక ఇత్తడి పళ్లెంలో సర్ది విడిదిలో పెట్టడం నా పని. ఇప్పటి హోటల్ గదుల్లో స్నానాల గది బల్ల మీద వరసగా పేర్చి ఉండే బుల్లి సీసాలను చూసినప్పుడల్లా ఆ పళ్లెం సర్దిన చేతులే ఇవి కూడా సర్దాయేమో అనిపిస్తుంది. అంత శ్రద్ధగా ఉంటాయి అవి.

తెల్లారగానే పెళ్లికొడుకు మేనమామ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. కాఫీ చల్లారిపోయిందన్నాడు. నవారు వదులై రాత్రంతా నడుం నేలకు తగిలిందన్నాడు. ఇంత దూరం పిలిపించి చేసే మర్యాద ఇదేనా అన్నాడు. మా నాయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. "పొరపాటైంది బావగారూ, ఇప్పుడే పంపిస్తా" అన్నాడు. ఊళ్లో ఎవరి తగాదా అయినా తీర్చేది ఆయనే. ఆయన గొంతు అంత తగ్గడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ఆ మేనమామ చెడ్డ మనిషి కాదు. తర్వాత మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చి వెళ్లాడు, మా నాయన పోయినప్పుడు కట్టె దగ్గర నిలబడి ఏడ్చాడు. విడిదిలో ఉన్నంతసేపు మాత్రం ఆయన మగపెళ్లివాడు. మా నాయన ఆడపిల్ల తండ్రి. పెళ్లికొడుకును అలకపాన్పు మీద కూర్చోబెట్టి బతిమాలడం ఒక వేడుక. పాటలుంటాయి, నవ్వులుంటాయి, చివరికి ఉంగరమో గడియారమో చేతిలో పడ్డాక లేస్తాడు. విడిదిలో అలకకు అలాంటి హద్దేమీ లేదు. అది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలియక, తాళి కట్టేదాకా ఆడపిల్ల తండ్రి అన్నం ముద్ద మింగేవాడు కాదు.

ఇలాంటి బరువు పేదసాదలకే పరిమితం కాలేదు మన నగరంలో. కొత్తపేట నుంచి నైరుతి దిక్కుగా వెళ్తే గుట్ట మీద ఫలక్‌నుమా ఉంది. పైగా వంశపు అమీరు వికార్-ఉల్-ఉమ్రా 1884లో పునాది వేసి కట్టిన ఇల్లు అది. కట్టడానికైన ఖర్చు ఆయన్ని అప్పుల్లోకి దించింది. చివరకు అది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వెళ్లి, రాజ్యపు అతిథిగృహమైంది. 1906లో ఇంగ్లండ్ యువరాజు, తర్వాత ఐదో జార్జి అయిన ఆయన, అక్కడే బసచేశాడు. ఒకేసారి 101 మంది కూర్చుని తినే బల్ల ఇప్పటికీ అక్కడ ఉంది. 2010 నుంచి అది తాజ్ వారి హోటల్, అరవై గదులు. హైదరాబాద్‌లో అతిథి కోసం ఒకరు ఎంత మోయగలరో చూడాలంటే నాకు ఆ గుట్టే గుర్తొస్తుంది. అంత సంపన్నుడికే మోయలేనంత అయిన పనిని మనం ఒక మామూలు రైతు మీద, ఒక గుమస్తా మీద, ఒక టీచరు మీద తరతరాలుగా పెట్టాం.

ఈమధ్య మా మేనకోడలి పెళ్లి కొత్తపేటలో చేశాం. మగపెళ్లివారిది తెనాలి. గదుల సంగతి నువ్వు చూసుకో అని మా బావ నాకు అప్పగించాడు. హోటల్ పేరెందుకు గానీ, మంచి పేరున్నదే, మా అందరికీ తెలిసినదే. ముందు నన్ను ఇబ్బంది పెట్టింది గడియారం. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. హోటల్ లెక్కలో మధ్యాహ్నం పన్నెండుకో రెండుకో మొదలవుతుంది. కోస్తా నుంచి వచ్చే రాత్రి బస్సులు ఎల్బీనగర్‌లో మనుషుల్ని దించేది తెల్లవారుజామున. పెట్టెలు, పిల్లలు, ముసలివాళ్లతో సహా వాళ్లు హోటల్ మెట్లెక్కేసరికి గదుల్లో ముందు రోజువాళ్లు ఇంకా నిద్రపోతూ ఉంటారు. పాత లాడ్జీల్లో దిగిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్క. పెద్ద హోటళ్లలో అలా కుదరదు. ఒక హౌస్‌కీపింగ్ మనిషి ఒక షిఫ్టులో పన్నెండు నుంచి పదహారు గదుల దాకా సర్దుతుంది. అందరూ ఒక్కసారిగా ఖాళీ చేస్తేనే ఆ పని ఒక వరసలో సాగుతుంది. కాబట్టి పెళ్లివారు పొద్దున్నే వస్తున్నారంటే ముందు రాత్రికి కూడా గదులు తీసుకుని ఖాళీగా ఉంచుకోవాల్సిందే. ఆ ఒక రాత్రి ఖర్చు గురించి పెళ్లిపెద్దలకు ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. బుక్ చేసే రోజునే అడిగి తేల్చుకోండి. 7,500 రూపాయల లోపు గదికి 12 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి దిగింది, అది కొంత ఊరట.

రెండోది ఎవరు ఏ గదిలో అన్న కాగితం. హోటల్ వాళ్లు దాన్ని రూమింగ్ లిస్ట్ అంటారు. మోకాళ్ల నొప్పులవాళ్లు లిఫ్టు పక్కన, పసిపిల్లల తల్లులు చివరి గదుల్లో, పెళ్లికొడుకు స్నేహితులు వేరే అంతస్తులో. ఈ కాగితం రాయడానికి నాకు వియ్యపురాలి సాయం కావాల్సి వచ్చింది. వాళ్ల చుట్టాల్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో నాకేం తెలుసు. ఆమె ఫోన్‌లో నెమ్మదిగా, ఒక్కొక్కరి గురించి చెప్పారు. "అన్నయ్యగారూ, మా అత్తగారికి కింద కూర్చుని లేవడం కుదరదు, స్నానానికి స్టూలు పెట్టించండి" అన్నారు. అతిథి అవసరం ఇలా ముందే తెలిస్తే మర్యాదలో సగం పని అయిపోయినట్టే.

స్నానం అన్నాను కాబట్టి బకెట్ సంగతి చెప్పాలి. కొత్త హోటళ్లలో గాజు తలుపు, పైన షవర్. బకెట్, చెంబు ఉండవు. మన పెద్దవాళ్లకు తలమీద వాన కురిసినట్టు నీళ్లు పడితే స్నానం చేసినట్టే ఉండదు. మంగళస్నానం అసలే కాదు. పెద్దామె గదికి ప్లాస్టిక్ స్టూలూ బకెట్టూ మోసుకొచ్చిన అమ్మాయి బకెట్ లోపల వేలితో ఒకసారి తుడిచి చూసుకుంది. జిడ్డు తగిలిందేమో, మళ్లీ పట్టుకెళ్లి కడిగి తెచ్చింది. ఎవరూ అడగలేదు. పెద్దామె మంచం మీద కూర్చుని అదంతా చూసి, "ఏ ఊరమ్మా మీది" అంది. "దేవరకొండ పక్కన అమ్మమ్మా" అంది ఆ పిల్ల. మంచి సర్వీస్ ఎలా ఉంటుందని నన్నెవరైనా అడిగితే ఆ వేలు చూపిస్తాను.

ముహూర్తం తెల్లవారుజామున. అంటే మూడింటికల్లా నలభై యాభై మంది ఒక్కసారి స్నానాలకు లేస్తారు. హోటల్లో వేడినీళ్లు కింద బాయిలర్ దగ్గరో మిద్దె మీద ట్యాంకుల దగ్గరో తయారై, గోడల వెనక నిలువు గొట్టాల్లో ఎక్కి దిగుతాయి. రాత్రిపూట వాడకం లేక గొట్టంలో నిలిచిన నీళ్లు చల్లారిపోతాయి. వాటిని తిప్పే పంపు నడవకపోతే, దూరపు గదిలో కుళాయి తిప్పినవాడికి ఎంతసేపటికీ చన్నీళ్లే వస్తాయి. ఆ రాత్రి అదే అయింది. మూడో అంతస్తు చివరి గదుల్లో వేడినీళ్లు రాలేదు. పెళ్లికొడుకు పెద్దనాన్న తువ్వాలు కట్టుకునే కిందికి దిగొచ్చాడు. నేను అప్పుడే పూలదండలు తీసుకుపోవడానికి వచ్చి లాబీలో ఉన్నాను.

కౌంటర్ వెనక ఉన్న కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. పెద్దాయన గొంతు లాబీ అంతా మోగింది. ఇంత డబ్బు తీసుకుని చేసే మర్యాద ఇదేనా అన్నాడు. మా అక్క పెళ్లినాడు విన్న మాటే, అదే సాగతీత. కుర్రాడు చేతులు కట్టుకోలేదు, తల దించుకోలేదు, ఎదురు చెప్పలేదు. "మీ గది నంబర్ చెప్పండి సార్" అన్నాడు. ఫోన్ తీసి మెయింటెనెన్స్‌కు చెప్పాడు. ఖాళీగా ఉన్న మొదటి అంతస్తు గది తాళం కార్డు తయారుచేసి, "అక్కడ నీళ్లు వేడిగా వస్తున్నాయి, మీ బట్టలు అక్కడికే పంపిస్తాను" అన్నాడు. పెద్దాయన గొణుక్కుంటూ లిఫ్టు ఎక్కాడు. ఆయన వెళ్లాక కుర్రాడు లావుపాటి రిజిస్టరు తెరిచి గది నంబరు, వేడినీళ్లు, టైము రాశాడు. టైము పక్కన చిన్న గీత గీసి ఖాళీ వదిలాడు, సమస్య తీరాక నింపడానికి. ఆ తర్వాత నావైపు తిరిగి, "పూలు వెనక గేటు దగ్గర దించారు సార్" అన్నాడు. గొంతులో ఏ తేడా లేదు.

అంత గొడవ జరిగినట్టు మా బావకు ఈనాటికీ తెలియదు. ఆ సమయానికి ఆయన ఫంక్షన్ హాల్లో గౌరీపూజ దగ్గర కూతురి పక్కన కూర్చుని ఉన్నాడు. పెళ్లికూతురు తండ్రి కూతురి పక్కన కూర్చోవడం! మా నాయన అక్క పెళ్లిలో ఒక్క నిమిషం కూడా అలా కూర్చోలేదు.

అందుకే, హోటళ్లు వచ్చి మన పెళ్లిళ్లలో ఆప్యాయత పోయిందని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించను. ఊరంతా కలిసి మంచాలు మోసిన ఆ రోజుల్లో అందం ఉంది, నేనూ మోశాను, అది నాకు తెలుసు. కానీ ఆ అందానికి ఒకే మనిషి వెన్ను వంగింది. డబ్బు కట్టి ఆ బాధ్యతను బయటికి ఇవ్వగలగడం ఆడపిల్ల తల్లిదండ్రులకు దక్కిన గొప్ప ఊరట. మగపెళ్లివారికీ మేలే జరిగింది. కాఫీ చల్లారిందని వియ్యంకుడి మొహం మీద అనేసి, జీవితాంతం ఆ మాటను మోయాల్సిన పని వాళ్లకూ తప్పింది. రెండు కుటుంబాల మధ్య మొదటి రోజే పడాల్సిన ఒక గాటు పడకుండా పోయింది.

అయితే ఆ కోపం ఎక్కడికీ పోలేదు. మగపెళ్లివారన్న హోదా లోపలే ఉంది. వియ్యంకుడి మీద చూపడానికి ఈ కాలంలో సిగ్గుపడుతున్నారు, అంతే. కౌంటర్ దగ్గర ఆ సిగ్గు అక్కర్లేదు. కుర్రాడికి వాళ్లతో చుట్టరికం లేదు, రేపు మొహం చూడాల్సిన పనిలేదు. మా నాయన పడ్డ మాటకు కనీసం చివర ఒక కూతురి కాపురం ఉంది. ఈ పిల్లవాడు పడే మాటకు చివర నెల జీతం ఉంది.

ఎల్స్‌వర్త్ స్టాట్లర్ అని అమెరికాలో ఒక హోటల్ యజమాని ఉండేవాడు. పదమూడేళ్లకే హోటల్లో సామాన్లు మోసే కుర్రాడిగా చేరినవాడు. 1908లో బఫెలో నగరంలో ఆయన తెరిచిన హోటల్లో ప్రతి గదికీ సొంత స్నానాల గది ఉండడం అప్పట్లో పెద్ద వింత. రెండు గదుల స్నానాల గదుల్ని వీపులు ఆనించి కట్టి, మధ్య సందులో గొట్టాలన్నీ నడిపించి ఖర్చు తగ్గించాడు. ఈనాటి కొత్తపేట హోటల్లో గోడ వెనక నీళ్ల చప్పుడు వినిపించే ఆ సందు ఆయన ప్రచారం చేసిన పద్ధతే. అతిథి మాటే ఎప్పుడూ సరైనదన్న సూత్రాన్ని తన పనివాళ్లకు నేర్పినవాళ్లలో కూడా ఆయన ఒకడు. సామాన్లు మోసి పైకొచ్చిన మనిషి ఆ సూత్రం ఎందుకు పెట్టాడో నాకు అర్థమవుతుంది, వ్యాపారం నిలబడాలి. కానీ మన దగ్గర ఆ సూత్రం వచ్చి మగపెళ్లివారి హోదాతో కలిసింది. అక్కడే నాకు అభ్యంతరం. అమెరికాలో అతిథి తన డబ్బుకు తగ్గ గది అడుగుతాడు. మన విడిది హోటల్లో అతిథి ఇంకొకరి డబ్బుతో తన పెద్దరికాన్ని కూడా అడుగుతాడు. గదిలో ఏ లోటూ లేకపోయినా పెద్దరికానికి లోటు జరిగిందని అనిపించవచ్చు.

ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రవేత్త 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల మీద ఒక పుస్తకం రాశారు. చిరునవ్వు నవ్వడం, కోపాన్ని మింగడం కూడా ఉద్యోగంలో భాగంగా కొనుక్కుంటున్నారని, అదీ శ్రమేనని ఆవిడ వాదన. ఆ రాత్రి కౌంటర్ దగ్గర నేను చూసింది అదే శ్రమ. ఆ కుర్రాడి గొంతులో తేడా రాకపోవడం అతని స్వభావం అనుకుంటే పొరపాటు. అది నేర్చుకున్న విద్య. విద్యానగర్‌లో ఉన్న హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల చదివి వచ్చినవాళ్లు కొందరు. ఎక్కువమంది ఇంటర్ తర్వాత పనిలో చేరి, తిట్లు తింటూ నేర్చుకున్నవాళ్లు.

హౌస్‌కీపింగ్ వాళ్ల సంగతి ఇంకా లోపలిది. పెళ్లివారి గదుల్లో దుప్పట్లు చూస్తే తెలుస్తుంది. తెల్ల పక్కబట్టలు హోటళ్లకు ఇష్టం. 1999లో వెస్టిన్ హోటళ్లవాళ్లు తెల్లటి పరుపుల్ని గొప్పగా ప్రచారం చేసినప్పటి నుంచి ప్రపంచమంతా అదే దారి పట్టింది. తెలుపైతే బ్లీచింగ్‌లో వేసి ఉడికించవచ్చు, మరక దాగదు కాబట్టి అతిథికి నమ్మకం. కానీ ఆ లెక్క వేసినవాళ్లు మన పెళ్లికూతుర్ని చూడలేదు. నలుగు పెట్టిన ఒంటితో, పసుపు కాళ్లతో, పారాణితో ఆమె ఆ తెల్ల దుప్పటి మీద కూర్చుంటుంది. పసుపు మరకను సబ్బుపొడిలో వేస్తే సోడాకు అది ఎర్రబడుతుంది. చూసినవాళ్లు రక్తం అనుకుంటారు. గోరింటాకైతే పట్టినచోటే ఉండిపోతుంది. పసుపును చివరికి విరిచేది ఎండ. మా మేనకోడలి పెళ్లి మర్నాడు హోటల్ మిద్దె మీదికి వెళ్లాల్సి వచ్చింది, పందిరి కోసం తెచ్చిన తాళ్లు అక్కడ పెట్టారు. లాండ్రీ అతను రెండు దుప్పట్లను తడిపి ఎండలో పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి కూర్చున్నాడు. ఎర్రటి మరక పసుపు రంగుకు, పసుపు లేత గంధం రంగుకు మారుతోంది. "మధ్యాహ్నానికి పోతుంది సార్, లేకపోతే బిల్లులో వేయాలి, మీకెందుకు ఖర్చు" అన్నాడు. ఆ దుప్పట్ల ఖరీదు మా బావ బిల్లులోకి రాలేదు. వచ్చి ఉంటే ఆయన మారుమాట్లాడకుండా కట్టేవాడు కూడా. ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా ఎండలో కూర్చుని దాన్ని తప్పించాడు.

చట్టం కూడా ఈ మారిన బాధ్యతను గుర్తించడం నాకు నచ్చింది. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో 1998లో ఒక అతిథి తన కారు తాళాలు వాలెట్ పార్కింగ్ అతనికి ఇచ్చాడు. తిరిగి వచ్చేసరికి కారు పోయింది. చీటీ మీద మీ సొంత పూచీ అని రాసి ఉందని హోటల్ వాదించింది. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. తాళాలు తీసుకున్నాక హోటల్ నిర్లక్ష్యం వల్ల పోతే, చీటీలో ఏం రాసుకున్నా బాధ్యత హోటల్‌దే అంది. వెనకటి విడిదిలో మగపెళ్లివారి చెంబు పోయినా ఆ పరువు పెళ్లికూతురు తండ్రిదే. ఇప్పుడు అది యాజమాన్యానిది, రాతపూర్వకంగా. అలాగే కోపాన్ని కూడా యాజమాన్యం మోయాలి. కుర్రాడిని ఒంటరిగా కౌంటర్ దగ్గర నిలబెట్టి, తెల్లవారుజామున డ్యూటీ మేనేజర్ లేకుండా, ముహూర్తం రాత్రి బాయిలర్ దగ్గర మనిషిని పెట్టకుండా, తప్పంతా వాడి మొహం మీదికి వచ్చేలా చేయడం అన్యాయం. హోటళ్లకు పంచాంగం అందుబాటులోనే ఉంటుంది. ఏ రాత్రి ఎన్ని స్నానాలుంటాయో వాళ్లకు నెలల ముందే తెలుసు.

ఆ హోటల్లో బిల్లు కట్టేరోజు ఆ కుర్రాడితో కాసేపు మాట్లాడాను. వాళ్లది నల్లగొండ జిల్లా, నకిరేకల్ వైపు. ఆ వారంలోనే వాళ్ల చిన్నాన్న కూతురి పెళ్లి ఉంది. వెళ్లావా అన్నాను. "ముహూర్తాల్లో మాకు లీవు ఇవ్వరు సార్, అందరి పెళ్లిళ్లూ అప్పుడే కదా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మంచి ముహూర్తాలు అందరికీ ఒకటే. మన చుట్టాలు మన పెళ్లికి రావడానికి, ఆ రాత్రి హోటల్లో ఉన్నవాళ్లంతా వాళ్ల చుట్టాల పెళ్లిళ్లకు పోకుండా ఆగారు.

వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. గదులు మాట్లాడుకోవడానికి వేరే హోటల్‌కు వెళ్లాను, అష్టలక్ష్మి గుడి కమాన్‌కు దగ్గర్లో. ముందు రాత్రి గదులు, బకెట్లు, స్టూళ్లు, మూడింటికి వేడినీళ్ల పంపు నడిచేలా మనిషి, ఇవన్నీ కాగితం మీద రాయించాను. పసుపు పనులన్నింటికీ ఒకే గది, అందులో మా ఇంటి రంగు దుప్పట్లు వేసుకుంటామన్నాను. మేనేజర్ సంతోషంగా ఒప్పుకున్నాడు. గదుల్లో ఏ ఇబ్బంది వచ్చినా కౌంటర్ దగ్గరికి రాకుండా మా తమ్ముడికి ఫోన్ చేయమని మగపెళ్లివారికి ఇచ్చే కాగితంలో అచ్చు వేయిస్తున్నాను. వాడి నంబరు పైనే, పెద్ద అక్షరాల్లో. మాట పడాల్సి వస్తే మొదట మా ఇంటి మనిషి పడాలి.

తర్వాత భోజనం సంగతి అడిగాను. ఆ రాత్రి పనిలో ఉండే మీ వాళ్లందరికీ పెళ్లి భోజనం పంపాలనుకుంటున్నా అన్నాను. బయటి వంట లోపలికి తేవడానికి ఒప్పుకోరు సార్ అన్నాడు, స్టాఫ్ డైనింగ్ అయితే పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు. మర్నాడు ఫోన్ వచ్చింది. నైట్ షిఫ్ట్ ఏడింటికి దిగుతుంది, హౌస్‌కీపింగ్ మొదటి షిఫ్టు అప్పుడే ఎక్కుతుంది, ఆ మధ్యలో టిఫిన్ అయితే ఇద్దరికీ కుదురుతుంది, సెక్యూరిటీతో కలిపి ఇరవై రెండు ప్లేట్లు అన్నాడు. కేటరింగ్ అతను లెక్క రాసుకుంటూ, ఇవి మగపెళ్లివారి ఖాతాలోనా మనవాళ్ల ఖాతాలోనా అని అడిగాడు. మనవాళ్లవే అన్నాను. పొంగలి, వడ, ఉప్మా, కాఫీ ఫ్లాస్కులు రెండు. ఆరున్నరకల్లా వ్యాన్ వెనక గేటు దగ్గర ఉండాలి.